సూపర్‌మార్కెట్ కింద రైలుకట్ట

ఆదివారం, నారిచ్

మా మామయ్యగారు రైల్వేలో స్టేషన్ మాస్టరుగా చేసి రిటైరయ్యారు. వాళ్ల ఊరు ద్రాక్షారామం పక్కన. ఇంగ్లండ్‌లో మా దగ్గరికి వచ్చాక లండన్ చూపించాం, ఆక్స్‌ఫర్డ్ చూపించాం. అన్నీ మర్యాదగా చూశారు. ఇంటికొచ్చాక మాత్రం, "ఇక్కడ ఎత్తేసిన పాత లైన్లేమైనా ఉన్నాయేంటమ్మా?" అని అడిగారు. మావారికి సెలవు దొరకలేదు, నాకు దొరికింది. ఎత్తేసిన లైన్లకి మా నార్‌ఫక్ కౌంటీలో కరువు లేదు.

పొద్దున్నే మేము వారం వారం సరుకులు తెచ్చుకునే సెయిన్స్‌బరీస్‌కి తీసుకెళ్లాను. "ఏమ్మా, పాలు అయిపోయాయా?" అన్నారు. పాల కోసం కాదండీ, ఇది స్టేషను అన్నాను. కారు పార్కింగు, ట్రాలీల వరసలు, ఇటుక గోడ తప్ప అక్కడ ఇంకేమీ కనపడదు. కానీ 1849లో ఇక్కడ నారిచ్ విక్టోరియా అనే స్టేషను తెరిచారు. అంతకుముందు అది జనం సాయంత్రాలు షికారుకొచ్చే తోట. తోటలో ఉన్న గుండ్రటి హాలునే టికెట్లిచ్చే చోటుగా వాడుకున్నారు. మొదటి ప్రపంచ యుద్ధం మధ్యలో, 1916లో, ప్రయాణికుల రైళ్లు ఆపేశారు. ఊళ్లో అంతకంటే పెద్ద స్టేషను ఉండగా రెండోది దేనికి అనుకున్నారు. గూడ్స్ బళ్లు మాత్రం 1986 దాకా వచ్చాయి. ఆ తర్వాతే ఇక్కడ సూపర్‌మార్కెట్ వెలిసింది.

లోపలికి వెళితే ఇంకో వింత. ఆదివారం పెద్ద షాపులు మొత్తం ఆరు గంటల సేపు కంటే ఎక్కువ అమ్మకూడదని 1994లో చట్టం వచ్చింది. కొన్ని మినహాయింపులు తప్ప 280 చదరపు మీటర్లు దాటిన షాపులకి ఇది వర్తిస్తుంది. అందుకని తొమ్మిదిన్నరకి తలుపులు తీస్తారు, బిల్లింగ్ మాత్రం పదింటికి మొదలవుతుంది. ఆ అరగంటా జనం ట్రాలీలు నింపుకుని కౌంటర్ల ముందు నిలబడి ఉంటారు. "అచ్చం సిగ్నల్ పడక ఔటర్‌లో ఆగిన బండిలాగే ఉందమ్మా" అన్నారు మామయ్యగారు. పదయ్యేసరికి మా ముందున్నావిడ బుట్టలోని అరటిపళ్లు బెల్టు మీద పెట్టింది. లైన్ క్లియర్.

అక్కడికి దగ్గర్లోనే లేకెనమ్ వే అని నడకదారి మొదలవుతుంది. విక్టోరియాకి వచ్చే పట్టాల చోటే అది. సైకిళ్లు, కుక్కలు, స్కూలు పిల్లలు. అయిదు నిమిషాలు నడిచాక మామయ్యగారు ఆగి వెనక్కి చూసి, "చూడు, ఎక్కడా ఎకాయెకిన మలుపు లేదు. వాలు కూడా తెలీనంత. రోడ్డయితే ఇలా ఉండదు. ఇది కట్టే" అన్నారు. గోదావరి జిల్లాల్లో పుట్టినవాళ్లకి ఆ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. ఆయన చిన్నతనంలో వాళ్ల ఊరి మీదుగా రైలు లేదు, రైలుకట్ట మాత్రం ఉండేది. 1928లో వేసిన కాకినాడ–కోటిపల్లి లైన్ని 1940లో పీకేశారు. యుద్ధానికి ఇనుము కావాలని పట్టాలు పట్టుకుపోయారు. కట్ట మిగిలింది. దాని మీద గేదెలు, సైకిళ్లు, పెళ్లి ఊరేగింపులు. మళ్లీ రైలొచ్చింది 2004లో. అందుకే పట్టాల్లేని కట్ట కనపడితే ఆయన కళ్లు దాని మీదే నిలుస్తాయి.

సోమవారం, రాక్సమ్, ఎయిల్‌షమ్

నారిచ్ నుంచి షెరింగమ్ వెళ్లే బిటర్న్ లైను రైలు ఎక్కాం. దేశమంతటా లైన్లు పోయిన రోజుల్లో ఇది ఎలాగో బతికి బట్టకట్టింది. స్విట్జర్లాండ్ కంపెనీ చేసిన కొత్త బళ్లు, కరెంటు తీగలున్న చోట కరెంటుతో, లేని చోట డీజిల్‌తో నడుస్తాయి. మామయ్యగారు సీటు కింద చప్పుడు వింటూ కూర్చున్నారు.

రాక్సమ్‌లో దిగితే ఊరంతా ఒకటే పేరు: రాయ్స్. ఫుడ్‌హాల్ రాయ్స్, బట్టల షాపు రాయ్స్, బొమ్మల షాపు రాయ్స్, కార్ పార్కింగూ రాయ్స్‌దే. ఇద్దరు అన్నదమ్ములు 1895లో పక్కనున్న కోల్టిషాల్ పల్లెలో చిన్న కొట్టు పెట్టారు. పడవ షికార్లకి వచ్చేవాళ్లకి సరుకులమ్మి పెద్దవాళ్లయ్యారు. ప్రపంచంలోకెల్లా పెద్ద పల్లెటూరి దుకాణం అని బోర్డు పెట్టుకుంటారు. కొలిచినవాళ్లెవరో తెలీదుగానీ, ఈ బోర్డు చూసి నవ్వనివాళ్లని నేను చూడలేదు. పెద్ద కంపెనీల షాపులు ఊరూరా పాకిన రోజుల్లో ఒక కుటుంబం ఇంత చోటు నిలబెట్టుకోవడం తేలిక కాదు. ఆ పర్యాటకుల్ని దింపింది కూడా రైలే కాబట్టి, ఈ కొట్టు కథ స్టేషను కథలో భాగమే.

రాయ్స్‌కి ఇవతల బ్యూర్ వ్యాలీ రైల్వే. పట్టాల మధ్య వెడల్పు పదిహేను అంగుళాలు, అంటే 381 మిల్లీమీటర్లు. మన బ్రాడ్‌గేజి 1676. మామయ్యగారు ఒంగి, జానతో కొలిచి, లేచి "బాగానే ఉంది" అన్నారు. మోకాళ్లు ముడుచుకుని పెట్టెలో సర్దుకుని కూర్చున్నాం. ఇది పిల్లల బండి అనుకుంటే పొరపాటే. తొమ్మిది మైళ్లు, ఆవిరి ఇంజను, మధ్యలో మూడు స్టేషన్లు, ఎయిల్‌షమ్ బైపాస్ రోడ్డు కింద ఒక సొరంగం కూడా ఉంది. అసలు లైను పెద్దదే. దాని మీద ప్రయాణికుల రైళ్లు 1952లోనే ఆపేశారు, గూడ్స్ 1980ల మొదట్లో ఆగింది. ఖాళీ అయిన ఆ కట్ట మీదే 1990లో ఈ చిన్న పట్టాలు వేశారు. పెద్ద కట్ట మీద చిన్న బండి పోతుంటే పక్కన సైకిళ్లకి కూడా దారి మిగిలింది.

సోమవారం ఎయిల్‌షమ్‌లో సంత. సంత జరిగే ఆ మార్కెట్ ప్లేసు పాత కట్టడాలు కాపాడే నేషనల్ ట్రస్టు ఆస్తి. ఎర్ర ఇటుక ఇళ్ల మధ్య నాలుగైదు గుడారాలు: చేపలు, జున్ను, మొక్కలు, రొట్టెలు. నిజం చెప్పాలంటే మన సంత చూసిన కళ్లకి ఆనదు. ఎయిల్‌షమ్‌కి ఇంకో విశేషం ఉంది. ఇటలీలో 1999లో పుట్టిన చిట్టాస్లో ఉద్యమంలో ఇంగ్లండ్ నుంచి ముందుగా చేరిన ఊళ్లలో ఇదొకటి. తొందర లేకుండా బతుకుదాం, పక్క పొలంలో పండింది తిందాం అనేది వాళ్ల మాట. ఆ ఊళ్లో టెస్కో సూపర్‌మార్కెట్ కూడా ఉంది. జున్ను అమ్మే ఆయన్ని అడిగితే, "మా ఆవిడ అక్కడే కొంటుంది, నన్నడక్కండి" అన్నాడు.

స్టేషను ఎదురుగా రోడ్డు దాటితే మారియట్స్ వే. నారిచ్ దాకా 26 మైళ్లు, అదీ రైలుకట్టే. ఎం అండ్ జీఎన్ అనే రైల్వేకి నలభై ఏళ్లు పైగా ఇంజనీరుగా చేసిన విలియం మారియట్ పేరు పెట్టారు. కాసేపు నడిచి వెనక్కి తిరిగాం. ఎండగా ఉంది, మామయ్యగారికి టీ టైమయింది.

మంగళవారం, క్రోమర్

ఎం అండ్ జీఎన్ గురించి కాస్త చెప్పాలి. మిడ్‌లాండ్ అండ్ గ్రేట్ నార్తర్న్ జాయింట్ రైల్వే. 1893లో ఏర్పడింది. ఎక్కువగా సింగిల్ లైనే. మొత్తం దాదాపు 180 మైళ్లు. లెస్టర్ వైపు ఫ్యాక్టరీ కార్మికుల్ని వేసవిలో ఈ సముద్రపు ఒడ్డుకి మోసుకొచ్చేది. నెమ్మదిగా పోతుందని జనం దాన్ని మడుల్ అండ్ గెట్ నోవేర్, అంటే తికమకపడి ఎక్కడికీ చేరనిది అని ఏడిపించేవారు. 1959 ఫిబ్రవరి 28న ఒక్క దెబ్బకి చాలా భాగం మూసేశారు.

ఇక్కడ మామయ్యగారు నన్ను పట్టుకున్నారు. ఇంగ్లండ్ లైన్లు మూసింది బీచింగ్ అని ఆయన ఎక్కడో చదివారు. నిజమే. బ్రిటిష్ రైల్వేస్ బోర్డు ఛైర్మన్ రిచర్డ్ బీచింగ్ 1963 మార్చిలో రిపోర్టు ఇచ్చాడు. 2,363 స్టేషన్లు, సుమారు 5,000 మైళ్ల లైన్లు ఎత్తేయమన్నాడు. ఇంగ్లండ్‌లో ఏ చిన్న ఊళ్లో అడిగినా మా రైలుని బీచింగే చంపాడంటారు. కానీ నార్‌ఫక్‌లో చాలా లైన్లు ఆయన రాకముందే పోయాయి. విక్టోరియా 1916, ఎయిల్‌షమ్ 1952, ఎం అండ్ జీఎన్ 1959. లారీ వచ్చింది, బస్సు వచ్చింది, తర్వాత ఇంటికో కారు. బీచింగ్ చేసింది మిగిలినదాని లెక్క చెప్పడం.

నన్ను అడిగితే దానికంటే ముఖ్యమైనది మరుసటి ఏడాది వచ్చిన చట్టం. అప్పటిదాకా చాలా సరుకులకి కంపెనీ చెప్పిన ధరకే ఏ కొట్టయినా అమ్మాలి. మూల మీద చిన్న కొట్టుకీ పెద్ద షాపుకీ తేడా ఉండేది కాదు. 1964లో ఆ కట్టుబాటు తీసేశారు. ఎక్కువ కొని తక్కువకి అమ్మగలిగినవాడిదే రాజ్యం అయింది. అలా అమ్మడానికి పెద్ద షెడ్డు, పెద్ద పార్కింగు కావాలి. అంటే ఊరికి దగ్గరగా చదునైన నేల కావాలి. సరిగ్గా అప్పుడే రైల్వేవాళ్ల చేతిలో అలాంటి నేల ఖాళీగా పడి ఉంది.

క్రోమర్‌లో రైలు దిగి పక్కకి చూస్తే మారిసన్స్. ప్లాట్‌ఫారం మీద నుంచే ట్రాలీలు కనపడతాయి. ఒకప్పుడు బోలెడు పట్టాలు, గూడ్స్ యార్డు ఉన్న క్రోమర్ బీచ్ స్టేషను ఇది. ఇప్పుడు రైలుకి ఒక మూల మిగిలింది, తక్కిన నేలలో పెద్ద భాగం సూపర్‌మార్కెట్‌ది. మొదట సేఫ్‌వే షాపుగా కట్టారు. 2004లో ఆ కంపెనీని మారిసన్స్ కొనేసింది.

మామయ్యగారు పార్కింగులో అటూ ఇటూ నడిచి చూశారు. "గూడ్స్ యార్డుకి ఏం కావాలి? చదును. బళ్లు తిరగడానికి చోటు. ఊరికి దగ్గర, కానీ ఊరి నడిబొడ్డు కాదు. బరువైన బండి వచ్చే రోడ్డు. యజమాని ఒక్కడే ఉండాలి, పాతిక మంది కాదు. ఇవన్నీ వీళ్లకీ కావాలి కదా" అన్నారు. షాపు వెనక్కి వెళ్లాం. అప్పుడే పద్దెనిమిది చక్రాల లారీ ఒకటి వెనక్కి వస్తూ, బీప్ బీప్ మంటూ, లోడింగ్ డాకుకి ఆనుకుంది. లోపలి నుంచి షట్టరు లేచింది. చక్రాల ఇనప పంజరాల్లో పాల డబ్బాలు, రొట్టెలు, బంగాళాదుంపలు దిగుతున్నాయి. పసుపు చొక్కా కుర్రాడు కాగితం మీద టిక్కులు పెట్టుకుంటున్నాడు. మామయ్యగారు కంచె పట్టుకుని ఆఖరి పంజరం దిగేదాకా చూశారు. "గూడ్స్ షెడ్డు ఎక్కడికీ పోలేదమ్మా. వ్యాగన్లు పోయాయి, అంతే."

నారిచ్ నుంచి వచ్చిన రైలు క్రోమర్‌లో వెనక్కి తిరగాలి. ఇటు లైను ఇక్కడే ఆగిపోతుంది. డ్రైవరు సంచీ భుజాన వేసుకుని ఆ చివరి క్యాబిన్ నుంచి ఈ చివరి క్యాబిన్‌కి ప్లాట్‌ఫారం మీద నడిచొచ్చి బండి తీస్తాడు. ఇంత చిన్న స్టేషన్లో ఇన్ని పాత పనులు ఎలా మిగిలాయో అని మామయ్యగారు మురిసిపోయారు. పక్కనే పాత సిగ్నల్ క్యాబిన్‌ని మ్యూజియంగా ఉంచారు. బయట నుంచి లివర్ల వరస చూసి, వాటి రంగులని బట్టి ఏది హోమ్ సిగ్నలుది, ఏది డిస్టెంట్ సిగ్నలుది అని నాకు చెప్పారు.

క్రోమర్ పీతలకి పేరు. మేము చిప్స్ తిన్నాం.

బుధవారం, షెరింగమ్, హోల్ట్

షెరింగమ్‌లో రోడ్డుకి ఇటు ఒక స్టేషను, అటు ఒక స్టేషను. ఇటుది బిటర్న్ లైను వాళ్ల చిన్న ప్లాట్‌ఫారం, 1967లో కట్టింది. అటుది పూల కుండీలతో, పాత బల్లలతో ఉన్న అసలు స్టేషను. ఇప్పుడది నార్త్ నార్‌ఫక్ రైల్వే అనే ఆవిరి బళ్ల సంస్థది. లైను మూసేశాక స్థానికులు పూనుకుని కొనుక్కున్నారు. 1975 నుంచి బళ్లు తిప్పుతున్నారు. మధ్య రోడ్డు మీద గేటు పీకేసి నలభై ఏళ్లు పైనే అయ్యాక, 2010 మార్చి 11న మళ్లీ పట్టాలు కలిపారు. ఆ పట్టాల మీద రోజూ రైళ్లు పోవు, అప్పుడప్పుడే.

ఇదే ఊరు టెస్కోని వద్దని పోరాడి దేశమంతా పేపర్లకెక్కింది. 1990ల్లో మొదలైన గొడవ. హై స్ట్రీట్‌లో మాంసం కొట్టు, చేపల కొట్టు, రొట్టెల కొట్టు పోతాయని ఒక వర్గం. సరుకులకి పక్క ఊరు పోవాల్సి వస్తోంది, చవగ్గా వస్తే నీకేం నొప్పి అని ఇంకో వర్గం. అనుమతి 2010లో వచ్చింది, షాపు 2013లో తెరిచారు. నేను మొదటి వర్గమే అనుకుంటూ వచ్చాను. హై స్ట్రీట్‌లో నడిచి చూస్తే కొట్లు ఉన్నాయి, జనం ఉన్నారు, టెస్కో సంచులూ ఉన్నాయి. వేసవి కాబట్టి ఈ జనం అని, జనవరిలో వచ్చి చూడమని టీ కొట్టు ఆవిడ అంది. ఆవిడ మాట కొట్టిపారేయలేను.

టెస్కో 1919లో లండన్‌లో ఒక కుర్రాడు సంతలో పెట్టిన దుకాణంగా మొదలైంది. మారిసన్స్ 1899లో బ్రాడ్‌ఫర్డ్ మార్కెట్‌లో గుడ్లు, వెన్న అమ్మిన బల్ల. సంతలో పుట్టినవాళ్లే సంతకి గండి కొట్టారని షెరింగమ్ గొడవ చదివినప్పుడల్లా నాకు అనిపిస్తుంది. మామయ్యగారికి ఇందులో వింతేమీ కనపడలేదు. "రామచంద్రపురంలో పెద్ద కొట్లవాళ్లంతా ఎక్కణ్ణుంచి వచ్చారేంటి మరి?"

ఆవిరి బండి ఎక్కాం. ఎడమ పక్క కొండ, కుడి పక్క గోధుమ చేలు, వాటి వెనక సముద్రం. వేబోర్న్ స్టేషన్లో ఎదురు బండి కోసం ఆగాం. ఫైర్‌మన్ కిందికి వంగి టోకెన్ ఇచ్చి, ఇంకోటి అందుకున్నాడు. సింగిల్ లైను మీద టోకెన్ చేతిలో లేకుండా డ్రైవరు బండి కదపకూడదు. మామయ్యగారు లేచి నిలబడిపోయారు. మన దగ్గర నీల్స్ బాల్ టోకెన్. ఇనప బంతి తోలు సంచీలో, సంచీ పెద్ద గుండ్రటి కమ్మీకి. బండి ఆగకుండా పోతుంటే చేయి చాచి అందించేవాళ్లు. పక్క సీటు దంపతులకి ఆ చేయి ఎలా చాచాలో చేసి చూపించారు. ఇంగ్లీషు ఎంత వచ్చిందో తెలీదుగానీ వాళ్లకి పూర్తిగా అర్థమైంది.

హోల్ట్ స్టేషను హోల్ట్‌లో లేదు, ఊరికి మైలు దూరంలో ఉంది. అసలు స్టేషను ఉన్న చోటు మీదుగా బైపాస్ రోడ్డు పోయింది. ఇప్పుడున్న స్టేషను భవనం కూడా స్టాలమ్ అనే ఇంకో ఊరి నుంచి ఇటుక ఇటుక విప్పి తెచ్చి కట్టింది. ఊళ్లోకి నడిచాం. 1708లో ఊరంతా కాలిపోతే తర్వాత కట్టిన ఇళ్లు కాబట్టి, వీధులన్నీ ఒకే కాలంనాటివిగా పొందిగ్గా ఉంటాయి. 2020 జూన్‌లో ఊరి మధ్య ఉన్న బడ్జెన్స్ సూపర్‌మార్కెట్ కూడా కాలిపోయింది. ఊళ్లో ముసలివాళ్లకి నడిచి వెళ్లగలిగిన షాపు అది. మళ్లీ కట్టారు. ఊరి మధ్య సూపర్‌మార్కెట్ ఉంటే ఎవరూ పోరాడరని నాకు ఇక్కడ తోచింది. గొడవంతా కారు లేకుండా పోలేని చోట కట్టేవాటితోనే.

పెద్ద పాత కొట్టు ఒకటుంది, బేకర్స్ అండ్ లార్నర్స్. జున్నులు, వైన్లు, బిస్కెట్ డబ్బాలు. కరివేపాకు కోసం అడిగాను, అలవాటు కొద్దీ. లేదు.

గురువారం, ఫేకెనమ్, వాల్సింగమ్

ఫేకెనమ్‌కి బస్సు తప్ప గతి లేదు. ఒకప్పుడు రెండు రైల్వేలకి రెండు స్టేషన్లు. వెస్ట్ 1959లో, ఈస్ట్ 1964లో మూసేశారు. దార్లో మెల్టన్ కాన్‌స్టబుల్. నాలుగు దిక్కుల లైన్లు కలిసిన జంక్షను, ఇంజన్లు తయారుచేసిన వర్క్‌షాపు ఉన్న ఊరు. స్టేషను పోయింది. దాని ఇనప కమానుల్ని బస్ షెల్టరుకి అమర్చుకున్నారు. రైలు లేని ఊళ్లో, రైల్వే ఇనుము కింద నిలబడి బస్సు కోసం చూడాలి.

గురువారం ఫేకెనమ్ సంత. ఇది సంతలా ఉంది. పాత గడియారాలు, సైకిలు విడిభాగాలు, సాక్సులు, గుడ్లు, మొక్కలు, వేడి బర్గర్లు, గొంతు చించుకుని అరిచే పళ్లాయన. చెర్రీలు కిలో ఎంతని మామయ్యగారు తెలుగులో అడిగితే ఆయన ఇంగ్లీషులో చెప్పాడు, బేరం కుదిరింది. ఊళ్లో, ఊరి చివరా పెద్ద సూపర్‌మార్కెట్లు ఉన్నా ఈ సంత ఎందుకు బతికిందో అడిగాను. "అక్కడ మాట్లాడేవాళ్లు లేరు, మెషినే బిల్లు కొడుతుంది" అన్నాడు.

మధ్యాహ్నం వాల్సింగమ్ వెళ్లాం. మధ్యయుగాల నుంచి యాత్రికులు వచ్చే పల్లె. వాళ్లు చివరి మైలు దగ్గర ఒక చిన్న గుడిలో చెప్పులు విడిచి, వట్టి కాళ్లతో నడిచేవారట. దీనికి మామయ్యగారికి వ్యాఖ్యానం అక్కర్లేదు. ఆయన్ని ఆశ్చర్యపరిచింది రైల్వే స్టేషను. 1964లో రైళ్లు ఆగాక 1967లో దాన్ని రష్యన్ ఆర్థడాక్స్ ప్రార్థనా మందిరంగా మార్చారు. టికెట్ల గది కప్పు మీద చిన్న ఉల్లిగడ్డ గోపురం. ప్లాట్‌ఫారం అంచు ఇప్పటికీ ఉంది. కింద పట్టాల చోట గడ్డి.

తిరుగు బస్సులో ఆయనకి నార్‌ఫక్ ఆర్బిటల్ రైల్వే గురించి చెప్పాను. షెరింగమ్, హోల్ట్, ఫేకెనమ్, డీరమ్, వైమండమ్‌లని మళ్లీ రైలుతో కలపాలని కొందరు ఎన్నాళ్లుగానో ప్రయత్నిస్తున్నారు. అటు చివర డీరమ్–వైమండమ్ లైన్ని ఔత్సాహికులు ఇప్పటికే కాపాడుకున్నారు, ఇటు చివర హోల్ట్ దాకా ఆవిరి బండి ఉంది. మధ్యలోనే లేదు.

మామయ్యగారు చెర్రీల సంచీ వెనక పెన్నుతో గీత గీసి, ఊళ్లు రాసుకుని, కట్ట ఎక్కడెక్కడ మిగిలిందో నన్ను అడిగారు. కోటిపల్లి లైను 64 ఏళ్ల తర్వాత వచ్చిందంటే కట్ట మీద ఇళ్లు లేవలేదు కాబట్టేనని ఆయన లెక్క. ఇక్కడ హోల్ట్ బైపాస్ ఒకటి అడ్డం. "కిందనుంచి పోవాలి. సొరంగం లాంటిది. ఖర్చెక్కువ" అన్నారు. "పైనుంచైతే వాలు కుదరదు." ఫేకెనమ్‌లో కొత్త స్టేషను ఎక్కడ పెడతారని అడిగితే ఊరి బయట పెట్టాల్సి వస్తుందేమో అన్నాను. "సూపర్‌మార్కెట్ పార్కింగులో పెట్టమను. చోటుంది, రోడ్డుంది, జనం ఎలాగూ వస్తారు" అని సంచీ మీద అక్కడొక చుక్క పెట్టారు.